సూటి షాట్ తప్పుతోంది, కానీ తప్పు చేతిలో లేదు: ఒక పూల్ ఆటగాడి కేసు

నేపథ్యం

ఈ కేసులోని ఆటగాడు నడివయసు దాటుతున్న వ్యక్తి, కుడిచేతి వాటం ఉన్నవారు, పన్నెండేళ్లకు పైగా 9 అడుగుల టేబుల్ మీద పూల్ (క్యూ అనే పొడవాటి కర్రతో తెల్ల బంతిని కొట్టి, అది తగిలిన రంగు బంతిని పాకెట్‌లో వేసే ఆట) ఆడుతున్నవారు. ఆటే జీవనాధారం కాదు గానీ, వారంలో నాలుగు రోజులైనా టేబుల్ దగ్గర గడిపే మనిషి. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు వదిలేశాను. శరీరానికీ క్యూకూ సంబంధించిన వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఇస్తున్నాను, ఎందుకంటే కోచ్‌గా నేను ఎక్కడ సరిగ్గా ఆలోచించానో, ఎక్కడ తొందరపడ్డానో వాటిని బట్టే తెలుస్తుంది.

మొదటి రోజు ఆయన చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది. “సార్, కోణం ఉన్న బంతులు పడుతున్నాయి. ఎదురుగా తిన్నగా ఉన్న బంతే పడటం లేదు. నేర్చుకునే పిల్లలు కూడా వేసే షాట్ నేను వేయలేకపోతున్నాను.” ఇది రెండేళ్లుగా ఉన్న బాధ అన్నారు. అంతకుముందు అదే షాట్ ఆలోచించకుండా వేసేవారట.

నా దగ్గరకు వచ్చేలోపు ఆయన చేయగలిగినవన్నీ చేశారు. డిఫ్లెక్షన్ (తెల్ల బంతిని మధ్యలో కాక పక్కన కొడితే అది ఎదురు పక్కకు జరగడం) తక్కువగా ఉండే ఖరీదైన షాఫ్ట్ (క్యూ ముందు భాగం) కొన్నారు. ఎవరో చెబితే బ్రిడ్జ్ (టేబుల్ మీద క్యూకు ఆనుగా పెట్టే ముందు చేయి) దగ్గరికి జరిపి, తెల్ల బంతికీ బ్రిడ్జ్ చేతికీ మధ్య దూరాన్ని సుమారు 28 సెంటీమీటర్ల నుంచి 18కి తగ్గించారు. రెండు మార్పుల తర్వాతా తప్పులు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఈ రెండు విషయాలనూ నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను గానీ, వాటికి అప్పుడు ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదు.

సమస్యను కొలవడం

“తిన్నటి బంతి తప్పుతోంది” అనే మాటతో పని మొదలుపెట్టలేం. ఎంత దూరంలో, ఎంత వేగంతో, ఏ వైపుకు తప్పుతోందో తెలియాలి. అందుకని ఒకే ఒక షాట్ పెట్టాను. రంగు బంతిని టేబుల్ నట్టనడుమ ఉంచి, మూల నుంచి మూలకు వెళ్లే గీత మీద దానికి 1 మీటరు వెనకగా తెల్ల బంతిని ఉంచాను. 9 అడుగుల టేబుల్ ఆట స్థలం 254 సెంటీమీటర్ల పొడవు, 127 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి నడుమ నుంచి మూల పాకెట్‌కు దూరం సుమారు 142 సెంటీమీటర్లు. తెల్ల బంతి తగిలిన చోటే ఆగిపోవాలి, అంటే స్టాప్ షాట్. మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ వేగం. బంతులు ప్రతిసారీ అదే చోట కూర్చునేలా గుడ్డ మీద చిన్న గుర్తులు అంటించి, ఒక్కో పూట పది చొప్పున, ఐదు పూటల్లో 50 షాట్లు వేయించాను.

27 పడ్డాయి. తప్పిన 23లో 18 కుడివైపుకు పోయాయి, 5 ఎడమవైపుకు పోయాయి. (ఈ వ్యాసంలో కుడి, ఎడమ అన్నవన్నీ ఆటగాడి వైపు నుంచి చూసినవే.) ఆయన మాత్రం “రెండువైపులా తప్పుతోంది, ఒక పద్ధతంటూ లేదు” అనుకుంటూ వచ్చారు. తప్పిన బాధలో ఏ వైపు తప్పిందో మనసు సరిగ్గా గుర్తుంచుకోదు. కాగితం మీద గీత పెడితేనే పద్ధతి బయటపడుతుంది. అదే షాట్‌ను మెల్లగా వేయిస్తే దాదాపు ఎప్పుడూ పడింది.

కోణం ఉన్న షాట్లను కూడా లెక్కపెట్టాను. అవీ అంత గొప్పగా ఏమీ పడటం లేదు. కట్ షాట్ తప్పితే “కోణం సరిగ్గా అంచనా వేయలేదు” అని మనసు సర్దుకుంటుంది. తిన్నటి షాట్ తప్పితే చెప్పుకోవడానికి సాకు ఉండదు. ఆయన సమస్య అన్ని షాట్లలోనూ ఉంది, కనిపించింది మాత్రం ఒక్క దానిలో.

ఇక్కడ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయమూ దీని మీదే ఆధారపడింది. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. తెల్ల బంతి అసలు గీతకు డిగ్రీలో పదోవంతు పక్కకు వెళ్లిందనుకుందాం. మీటరు దూరంలో అది 1.7 మిల్లీమీటర్ల పక్కదారి. రెండు గుండ్రటి బంతులు తాకే చోట ఆ చిన్న తేడా ఎన్నో రెట్లు పెరిగి, రంగు బంతి 1.6 డిగ్రీలకు పైగా దారి తప్పుతుంది. 142 సెంటీమీటర్లు ప్రయాణించి పాకెట్ చేరేసరికి 4 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మూల పాకెట్ నోరు సుమారు 11.5 సెంటీమీటర్లు, అందులో బంతి పోగా ఒక్కో వైపు మిగిలేది 3 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంటే పదోవంతు డిగ్రీ తేడాకే షాట్ పోయినట్టే. బ్రిడ్జ్‌కూ వెనక చేతికీ మధ్య దాదాపు మీటరు ఉంటుంది కాబట్టి, ఆ పదోవంతు డిగ్రీ తేడా రావడానికి వెనక చేయి 2 మిల్లీమీటర్లు కూడా పక్కకు కదలనక్కర లేదు. ఇంత చిన్న కదలికను కంటితో పట్టుకోవడం ఆటగాడికీ సాధ్యం కాదు, పక్కన నిలబడ్డ కోచ్‌కూ సాధ్యం కాదు. దాని ఫలితాలను చూసి వెనక్కి లెక్క కట్టుకోవాల్సిందే.

మొదటి ఆధారం: ఆగిన బంతి తిరుగుతోంది

రెండో పూటలో నా కన్ను రంగు బంతి మీద నుంచి తెల్ల బంతి మీదకు మళ్లింది. స్టాప్ షాట్‌లో తెల్ల బంతి ఆగింది, కానీ ఆగిన చోటే బొంగరంలా తిరుగుతోంది. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో. అంటే దానికి ఎడమ సైడ్ (ఎడమ పక్కన కొట్టడం వల్ల వచ్చే తిప్పుడు) ఉంది. టిప్ (క్యూ ముందు కొస) బంతి మధ్యలో కాకుండా ఎడమవైపున తగిలింది. మధ్యలోనే కొడుతున్నానని ఆయన గట్టిగా నమ్ముతున్నారు.

నిర్ధారించుకోవడానికి తెల్ల బంతి బదులు ఒక చారల బంతిని పెట్టాను. దాని చారను నిలువుగా, షాట్ గీత వెంబడి తిప్పి ఉంచితే, సరిగ్గా మధ్యలో కొట్టినప్పుడు ఆ పట్టీ ఊగకుండా నిటారుగా దొర్లుతుంది. కొద్దిగా సైడ్ పడ్డా పట్టీ పక్కకు వాలిపోతుంది. టిప్‌కు కొత్తగా చాక్ (జారకుండా రుద్దే నీలి సుద్ద) పట్టించి, ప్రతి షాట్ తర్వాత బంతిని చేతిలోకి తీసుకుని ఆ నీలి మచ్చ ఎక్కడ పడిందో ఇద్దరం చూశాం. గట్టిగా కొట్టిన పది షాట్లలో ఎనిమిదింటిలో మచ్చ పట్టీ నడుమ నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు ఎడమకు పడింది. ఆయన ఆ మచ్చను చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

గురి సమస్యా, స్ట్రోక్ (క్యూను తోసే తీరు) సమస్యా అన్నది తేల్చడానికి రంగు బంతిని పూర్తిగా తీసేశాను. తెల్ల బంతిని టేబుల్ మధ్య గీత మీద పెట్టి, ఎదుటి కుషన్‌కు (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు అంచు) తిన్నగా కొట్టి, తిరిగి వచ్చి టిప్‌కే తగలాలన్న పాత పరీక్ష ఇది. పాకెట్ లేదు, పడాల్సిన బంతి లేదు, గురి చూసే ఒత్తిడి లేదు. అయినా బంతి కుషన్‌కు తగిలి ప్రతిసారీ ఎడమకు వాలి తిరిగి వచ్చింది. ఎడమ సైడ్ చేసే పని అదే. వెనక నుంచి తీసిన వీడియోలో, ముందుకు తోసే చివరి క్షణాల్లో మోచేయి శరీరానికి దూరంగా బయటికి జరుగుతోంది. వెనక చేయి కుడికి పోతే బ్రిడ్జ్ ఇరుసుగా టిప్ ఎడమకు ఊగుతుంది. అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి.

అంత చక్కగా సరిపోవడం వల్లే నేను ఇక వెతకడం మానేశాను. ఈ కేసులో నా అసలు పొరపాటు ఇదే.

ప్రయత్నించినది

స్ట్రోక్ వంకరగా ఉంది కాబట్టి స్ట్రోక్‌ను తిన్నగా చేయాలి. ఈ తర్కంతో ఐదు వారాల ప్రణాళిక వేశాను.

మొదట గ్రిప్. ఆయన క్యూను అరచేతితో బిగించి పట్టుకుంటున్నారు. బిగుసుకున్న పిడికిలి ముందుకు వస్తూ మణికట్టును తిప్పేస్తుంది. మధ్య వేళ్ల మీద క్యూ వాలి ఉండేలా, బొటనవేలు కిందికి వేలాడేలా మార్చాం. తర్వాత వెనక చేయి ఎక్కడ పట్టుకోవాలో చూశాం. టిప్ బంతిని తాకే క్షణంలో ముంజేయి నేలకు నిటారుగా ఉండాలని ఆయన చేతిని నాలుగు వేళ్ల వెడల్పు ముందుకు జరిపాను. ఆ స్థితిలో మోచేయి కీలు ఒక్కటే పనిచేస్తే టిప్ దాదాపు ఒకే ఎత్తులో వెళుతుంది; భుజానికి పని పడదు, పని పడకపోతే అది బయటికీ జరగదు.

ఆపైన ఖాళీ సీసాతో సాధన. సీసాను టేబుల్ మీద పడుకోబెట్టి, మూతికి తగలకుండా క్యూను లోపలికీ బయటికీ ఆడించాలి. ఇది ఆయనకు రెండో రోజే వచ్చేసింది, కానీ బంతి పెట్టగానే వంకర తిరిగి వచ్చింది. సీసాలో కొట్టేదేమీ లేదు, చేరాల్సిన చోటూ లేదు. చేతికి ఏదీ సరిదిద్దాల్సిన అవసరం రాదు. “సీసాలో తిన్నగా పోయే చేయి బంతి ముందు ఎందుకు పక్కకు పోతోంది?” అని నేను అప్పుడే అడగాల్సిన ప్రశ్న. ఆయన మనసు కంగారు పడుతోందని చెప్పుకుని ముందుకు పోయాను.

వెనక్కి లాగిన చోట ఒక క్షణం ఆగడం, తోసిన తర్వాత క్యూను కదలకుండా అలాగే ఉంచి టిప్ ఎటు చూస్తోందో గమనించడం కూడా చేర్చాను. టిప్ బంతితో అంటి ఉండే సమయం సెకనులో దాదాపు వెయ్యోవంతు మాత్రమే. ఆ తర్వాత క్యూ ఏం చేసినా బంతికి తెలియదు. కాబట్టి ఫాలో త్రూ (తగిలిన తర్వాత క్యూ ముందుకు సాగడం) బంతిని నడిపించదు, అది స్ట్రోక్ ఎలా సాగిందో చెప్పే సాక్ష్యం మాత్రమే. ఆయనకు ఈ మాట బాగా అర్థమైంది, క్యూను నిలబెట్టి చూసుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఐదో వారం చివర చాక్ మచ్చ పట్టీ నడుమనే పడుతోంది. మధ్య గీత పరీక్షలో సైడ్ వల్ల వచ్చే వాలు పోయింది. వీడియోలో మోచేయి గడియారపు లోలకంలా ఒకే తలంలో ఊగుతోంది. స్ట్రోక్ వరకు నేను అనుకున్నదంతా సాధించాం.

విఫలమైన చోటు

అదే షాట్ మళ్లీ 50 సార్లు వేయించాను. 15 మాత్రమే పడ్డాయి. తప్పిన 35లో 33 ఎడమకు పోయాయి.

ఆయన ఏమీ అనలేదు, క్యూ విప్పి సంచిలో పెట్టుకున్నారు. నేను “కొత్త స్ట్రోక్ కుదురుకోవడానికి సమయం పడుతుందండీ, ఓపిక పట్టండి” అన్నాను. ఆ మాట అబద్ధం కాదు, చాలా కేసుల్లో అదే నిజం. కానీ ఇక్కడ అంకెలు వేరే మాట చెబుతున్నాయి. కుదురుకోని స్ట్రోక్ రెండువైపులా తప్పుతుంది. ఇది దాదాపు ప్రతిసారీ ఒకే వైపుకు, దాదాపు ఒకే దూరం తప్పుతోంది. నేను దాన్ని చదవకుండా ఇంకో రెండు వారాలు అదే సాధన చేయించాను. ఆ రెండు వారాలు ఆయన ఆటకు నేను కలిగించిన నష్టం.

చివరికి ఒక సాయంత్రం ఆయన వెళ్లిపోయాక నోట్‌బుక్ ముందు పెట్టుకుని నిదానంగా ఆలోచించాను. రంగు బంతి ఎడమకు పోవాలంటే తెల్ల బంతి దాని కుడి భాగాన్ని తాకాలి, అంటే తెల్ల బంతి గీతకు కుడిగా వెళ్లాలి. సైడ్ లేదు, మచ్చ మధ్యలోనే ఉంది. తిన్నటి స్ట్రోక్‌తో, మధ్యలో తగిలి, తెల్ల బంతి కుడికి వెళుతోందంటే ఒక్కటే దారి మిగిలింది: క్యూ మొదటి నుంచీ కుడికి చూస్తోంది. వంగి నిలబడి, గురి కుదిరిందని ఆయన అనుకున్న క్షణంలోనే క్యూ గీత మీద లేదు.

అప్పుడు పాత స్ట్రోక్ వేరే రూపంలో కనిపించింది. మోచేయి బయటికి జరగడం చెడ్డ అలవాటు కాదు. కుడికి చూస్తున్న క్యూను చివరి క్షణంలో ఎడమకు తిప్పి షాట్‌ను కాపాడుతున్న దిద్దుబాటు. మెల్లగా కొట్టినప్పుడు అది సరిపోయినంతే ఉండేది, బంతి పడేది. గట్టిగా కొట్టినప్పుడు భుజం బిగుసుకుని దిద్దుబాటు మోతాదు మించేది, బంతి కుడికి పోయేది. నేను వ్యాధిని వదిలేసి శరీరం కనిపెట్టుకున్న మందును లాగేశాను.

నోట్‌బుక్‌లోని షాఫ్ట్, బ్రిడ్జ్ సంగతులు కూడా ఇక్కడే అర్థమయ్యాయి. టిప్ ఎడమకు ఊగి బంతిని ఎడమవైపున తాకినప్పుడు రెండు పనులు జరుగుతాయి: క్యూ దిశ ఎడమకు తిరుగుతుంది, కానీ సైడ్‌తో తగలడం వల్ల డిఫ్లెక్షన్ బంతిని కుడికి నెడుతుంది. ఇవి ఒకదాన్నొకటి కొంతవరకు కొట్టేసుకుంటాయి. బ్రిడ్జ్ పొడవు ఆ షాఫ్ట్ స్వభావానికి సరిపోయేంత ఉంటే దాదాపు పూర్తిగానే కొట్టేసుకుంటాయి. డిఫ్లెక్షన్ తక్కువ ఉన్న షాఫ్ట్ వాడితే ఈ ఎదురు నెట్టుడు తగ్గుతుంది. బ్రిడ్జ్ దగ్గరైతే అదే కోణంలో ఊగినా టిప్ మధ్య నుంచి తక్కువే జరుగుతుంది కాబట్టి అప్పుడూ తగ్గుతుంది. రెండింటిలోనూ చేతి దిద్దుబాటు ప్రభావం బంతి మీద పెరుగుతుంది. అందుకే ఆయన చేసుకున్న రెండు మార్పులూ ఆయనను కుడివైపే తోశాయి. మంచి షాఫ్ట్ కొన్నాక ఆట చెడిందని ఎవరైనా అంటే నేను ఇప్పుడు దాన్ని అపోహగా కొట్టిపారేయను.

కారణం

మర్నాడు గచ్చు పనివాళ్లు గీతలకు వాడే లేజర్ లెవెల్ ఒకటి తెచ్చాను. దాన్ని ఆటగాడి వెనక, క్యూ ఎత్తులో స్టాండ్ మీద పెట్టి, గీత రెండు బంతుల కేంద్రాల గుండా పోయేలా సరిచేసి ఆర్పేశాను. ఆయన వచ్చి వంగి, గురి చూసి, “కుదిరింది” అన్నాక కదలకుండా ఉండమని వెనక నుంచి వెలిగించాను. వెలుగు గీత క్యూ వెనక కొస మీద పడింది. నడుమ మీద కాదు. క్యూ కొస గీతకు రెండున్నర మిల్లీమీటర్లు ఎడమకు ఉంది. ఎనిమిది సార్లు చేశాం, ఎనిమిది సార్లూ ఎడమకే. బ్రిడ్జ్ నుంచి వెనక కొసకు దాదాపు 120 సెంటీమీటర్లు కాబట్టి అది సుమారు 0.12 డిగ్రీలు. ముందు చెప్పిన లెక్కకు సరిగ్గా సరిపోయే తేడా.

ఆయన చేతులు ఆయన కళ్లు చెప్పినట్టే చేస్తున్నాయి. కళ్లు ఎందుకు తప్పు చెబుతున్నాయి? ఎదుటి కుషన్‌కు ఒక చిన్న అద్దం ఆనించి, వంగి అందులో తనను తాను చూసుకోమన్నాను. ఆయన గడ్డం క్యూ మీదే ఉంది, ముఖం మాత్రం కొద్దిగా ఒక పక్కకు తిరిగి ఉంది. “ముఖం తిన్నగా తిప్పండి” అన్నాను. తిప్పారు. “ఇప్పుడు బంతి మసకగా ఉంది సార్” అన్నారు. అద్దంలో ఆయన కళ్లజోడు ఫ్రేమ్ పై అంచు రెండు కళ్ల మీదుగా అడ్డంగా పోతోంది.

రెండేళ్ల కిందట ఆయనకు ప్రోగ్రెసివ్ లెన్సులు (పైభాగం దూరం చూపుకు, కిందిభాగం దగ్గర చూపుకు ఉండేవి) రాశారు. మొదటి రోజు నేను ఆయన వెన్ను గురించి, భుజం గురించి, క్యూ బరువు గురించి, టిప్ గట్టిదనం గురించి అడిగాను. ముఖం మీద కనిపిస్తున్న కళ్లజోడు గురించి ఒక్క ముక్క అడగలేదు. చదువుకోవడానికి ఇచ్చిన అద్దాలకూ ఆటకూ సంబంధం ఉంటుందని ఆయనకూ తోచలేదు.

మామూలుగా నడిచేటప్పుడు మనం లెన్సు నడుమ నుంచి చూస్తాం. క్యూ మీద గడ్డం ఆనించి వంగినప్పుడు తల కిందికి, చూపు పైకి ఉంటుంది; కనుపాప లెన్సు పై అంచుకు చేరుతుంది. స్నూకర్‌లో 1985 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌ను చివరి నల్ల బంతి మీద 18–17తో గెలిచిన డెనిస్ టేలర్ పెట్టుకున్న వింత కళ్లజోడు ఇందుకే. వంగినప్పుడు కూడా లెన్సు నడుమ నుంచే చూసేలా దాన్ని ఎత్తుగా చేయించారు. లెన్సు కేంద్రం తప్పి చూస్తే వస్తువు ఉన్న చోట కనిపించదు: పవర్ 2 డయాప్టర్లు ఉన్న లెన్సులో కేంద్రానికి 1 సెంటీమీటరు పక్క నుంచి చూస్తే, 1 మీటరు దూరంలోని వస్తువు 2 సెంటీమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. వస్తువులన్నీ ఒకేలా జరిగితే ఆటకు ఇబ్బంది లేదు. ప్రోగ్రెసివ్ లెన్సులో పైనుంచి కిందికి పవర్ మారుతూ ఉంటుంది, పక్కల్లో చూపు వంకరలు పోతుంది. దగ్గరున్న టిప్‌ను ఒక చోటు నుంచి, దూరంగా ఉన్న బంతిని మరో చోటు నుంచి చూడాల్సి వస్తే, ఆ రెంటినీ కలిపే గీత కంటికి నిజంగా ఉన్నట్టు కనిపించదు. ఫ్రేమ్ అంచునూ మసకనూ తప్పించుకోవడానికి ముఖం పక్కకు తిప్పడంతో ఆయన అచ్చంగా ఆ ఇబ్బందిలోకే వెళ్లారు.

పనిచేసినది

నేను కంటి వైద్యుణ్ని కాదు. ఊహను పరీక్షించడానికి మాత్రం ఒక సులువైన దారి ఉంది: ఇంట్లో పాత కళ్లజోడు, దూరం చూపుకు మాత్రమే రాసిన ఒకే పవర్ లెన్సులది ఉందన్నారు. మరుసటి పూటకు అది తెప్పించుకున్నాం. ముఖం తనంతట తానే తిన్నగా తిరిగింది. లేజర్ వెలిగిస్తే క్యూ కొస ఎనిమిది సార్లలో ఆరు సార్లు గీత మీదే ఉంది. ఆ తర్వాత ఆయన కంటి నిపుణుడిని కలిసి, తాను ఎలా వంగుతానో చేసి చూపించి, లెన్సులు నిలువుగా పెద్దవిగా, ముఖం మీద ఎత్తుగా కూర్చునే ఒకే పవర్ కళ్లజోడు ఆట కోసం చేయించుకున్నారు.

కొత్త కళ్లజోడుతో వేసిన మొదటి 50లో 22 పడ్డాయి. తప్పిన 28లో 25 కుడికి పోయాయి. ఈసారి నేను కంగారు పడలేదు. పాకెట్ ఎదురుగా కనబడగానే పాత దిద్దుబాటు తిరిగి వచ్చింది: ఇప్పుడు దిద్దాల్సినది ఏమీ లేకపోయినా మోచేయి బయటికి జరుగుతోంది, చారల బంతి పట్టీ మళ్లీ వాలుతోంది. అంకెలు తక్కువే, కానీ తప్పు మారింది, ఆ తప్పు ఏమిటో నాకు ఇప్పుడు తెలుసు. ఆయనకూ అదే వివరించాను. తప్పును పేరు పెట్టి చెప్పగలిగితే ఆటగాడు భరించగలడు. “ఓపిక పట్టండి” అంటే ఎంతకాలం భరిస్తాడు?

చేతి పని మళ్లీ మొదటి నుంచి చేయలేదు, ఐదు వారాల సాధన వృథా కాలేదు. మార్చినది ఒక్కటే: కుదిరిన గురిని చేయి నమ్మాలి. అందుకు షాట్‌లోకి వచ్చే తీరును కట్టుదిట్టం చేశాం. నిలబడి ఉన్నప్పుడే రెండు బంతులనూ పాకెట్‌నూ కలిపే గీతను చూడాలి, ఎందుకంటే నిలుచున్నప్పుడు లెన్సు నడుమ నుంచి, వంకర లేకుండా చూస్తాం. కుడి పాదాన్ని ఆ గీత మీద పెట్టి, చూపు రంగు బంతి మీద నుంచి తీయకుండా, తల గీత మీదుగానే కిందికి దించాలి. పక్క నుంచి వచ్చి వంగాక గురి సర్దుకోకూడదు. సర్దుకోవాలనిపిస్తే లేచి నిలబడి మళ్లీ రావాలి. ఈ చివరి నియమమే అన్నింటికంటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. వంగాక సర్దుకోవడం మానేసిన కొద్దీ కొట్టే క్షణంలో సర్దుకోవడమూ తగ్గింది.

ఇంకొకటి కూడా చేయించాను. గురి కుదిరాక కళ్లు మూసుకుని కొట్టడం. చూడని చేతికి దిద్దే అవకాశం ఉండదు. మొదటిసారి కళ్లు మూసుకుని కొట్టిన షాట్‌లో బంతి పాకెట్ నడుమన పడిన చప్పుడు విని ఆయన కళ్లు తెరవకుండానే “పడిందా?” అని అడిగారు. తెల్ల బంతి తగిలిన చోటే, కదలకుండా, తిరగకుండా ఆగి ఉంది.

బ్రిడ్జ్‌ను మళ్లీ 27 సెంటీమీటర్ల దగ్గరకు తెచ్చాం. షాఫ్ట్ అదే ఉంచాం, దాని తప్పేమీ లేదు. మూడు నెలల తర్వాత అదే 50 షాట్లలో 42 పడ్డాయి. తప్పిన 8లో 5 కుడికి, 3 ఎడమకు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

కొత్తగా వచ్చేవారిని అడిగే మొదటి ప్రశ్నల్లో ఇప్పుడు చూపు ఉంది: కళ్లజోడు ఉందా, ఎప్పటి నుంచి, ఏ రకం, వంగినప్పుడు ఏ భాగం నుంచి చూస్తున్నారు, ఆట చెడటం మొదలైన కాలానికీ దానికీ పొంతన ఉందా. జవాబు “కళ్లజోడు లేదు” అయినా లేజర్ పరీక్ష చేస్తాను, ఎందుకంటే క్యూ ఏ కంటి కింద ఉంటే తిన్నగా కనిపిస్తుందన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, గడ్డం నడుమనే క్యూ ఉండాలన్న నియమం అందరికీ పనికిరాదు.

స్ట్రోక్‌లో వంకర కనిపిస్తే వెంటనే తీసేయను. ముందు ఆ వంకర ఏ వైపుకు బంతిని పంపాలో లెక్క కట్టి, బంతి నిజంగా అటే పోతోందా అని చూస్తాను. ఈ ఆటగాడి విషయంలో మెల్లటి షాట్లు ఆ పరీక్షలో నిలవలేదు: సైడ్ ఉంది, మోచేయి జరుగుతోంది, అయినా బంతి పడుతోంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటున్నాయని అది మొదటి పూటలోనే చెప్పింది. గట్టి షాట్ల మీద మాత్రమే నా దృష్టి ఉండటం వల్ల వినలేదు. పడిన బంతి గురించి కూడా “ఎందుకు పడింది?” అని అడగడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆటగాడిలో ఇంకా మిగిలినది ఒకటుంది. తెల్ల బంతి కుషన్‌కు ఆని ఉన్నప్పుడు క్యూ వెనక భాగం ఎత్తాలి, తల పైకి లేవాలి, అప్పుడు చూపు లెన్సులో ఇంకో చోటుకు మారుతుంది. ఆ షాట్లలో మోచేయి ఇప్పటికీ అప్పుడప్పుడు బయటికి జరుగుతోంది, చారల బంతి పట్టీ ఇప్పటికీ ఎడమకు వాలుతోంది. వచ్చే పూటల్లో లేజర్ స్టాండ్‌ను ఆ ఎత్తుకు పెంచి, ఆ ఎత్తులో క్యూ నిజంగా గీత మీద ఉందో లేదో ముందు చూస్తాం. మోచేతి సంగతి ఆ తర్వాత.